రక్తపు సంచిలో దాగిన చలిజ్వరం

న్యూఢిల్లీ:

వానకాలం వెనుకబట్టి, చలి ఇంకా ముందుకు రాని రోజులలో రాజధానిలోని పెద్ద ఆసుపత్రుల ముందు రెండు వరుసలు కనిపిస్తాయి. ఒకటి జ్వరపీడితుల వరుస. రెండవది రక్తనిధి కిటికీ ముందు కాగితాలు పట్టుకుని నిలబడే బంధువుల వరుస. ఈ రెండు వరుసలకూ ఏదో సంబంధం ఉన్నదని ఇన్నేళ్ళ ఢిల్లీ నివాసంలో నాకు ఎన్నడూ తోచలేదు. గత మాసం ఒకనాటి ఉదయం ఒక ఆసుపత్రి రక్తనిధిలో నేను దుబాసీగా నిలబడవలసి వచ్చింది. పార్లమెంటు సమావేశాల వార్తల మధ్య ఈ వారం ఆ సంగతి రాస్తున్నందుకు పాఠకులు నన్ను మన్నించాలి. చూడబోతే ఇది కూడా రాజకీయమే.

ఉత్తరాంధ్ర మన్యం అంచున ఉన్న ఒక పల్లెకు చెందిన యువకుడు. అతని అక్క, బావ ఢిల్లీ పొలిమేరలలో భవన నిర్మాణ కూలీలు. అక్కకు గుండె కవాటం పాడైంది. శస్త్రచికిత్సకు రోజు నిర్ణయించి, ఆసుపత్రి వారు బంధువులను రక్తం తెమ్మన్నారు. బావ అప్పుడే ఇచ్చాడు. ఇంకా రెండు సంచులు కావాలి. తమ్ముడు ఊరి నుంచి రైలెక్కి వచ్చాడు. దాతకు ఇచ్చే ప్రశ్నావళి హిందీలో, ఇంగ్లీషులో ఉన్నది. అతనికి ఆ రెండూ రావు. తెలుగువాళ్ళెవరైనా ఉన్నారా అని వెదకి, ఎవరి ద్వారానో నా ఫోను నంబరు సంపాదించారు.

ఒక ప్రశ్న, రెండు జవాబులు

ప్రశ్నలు ఒక్కొక్కటే చదివి చెప్పాను. పచ్చకామెర్లు వచ్చాయా? లేదు. కుక్క కరిచిందా? లేదు. గడచిన 3 నెలలలో మలేరియా వచ్చిందా? ఇక్కడ అతడు ఆగాడు. ఆరు వారాల కిందట చలిజ్వరం వచ్చిందట. ఊరి పక్క ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో వేలి కొన గుచ్చి రక్తం చూసి మాత్రలు ఇచ్చారట. మూడు రోజులలో జ్వరం దిగింది. మిగిలినవి 14 రోజులు మింగమన్నారు గాని, ఒళ్ళు తేలికపడ్డాక మానేశాడు.

నేను దానిని హిందీలోకి మార్చే లోపలే అతడు నా చెయ్యి పట్టుకున్నాడు. "బాబూ, నిజం సెప్తే నా రగతం తీసుకోరా? మా అప్పకి ఆపరేసను ఆగిపోద్దా?" అని అడిగాడు.

బల్లకు అవతల కూర్చున్న యువ వైద్యురాలు మా ఇద్దరి ముఖాలు చూస్తున్నది. లేదని ఒక్క మాట చెబితే సరిపోయే సందర్భం అది. ఆ అబ్బాయి అబద్ధం చెప్పబోతున్నాడని నేను అనను. నిజం చెబితే తన ఇంటికి శిక్ష పడుతుందా అని అడిగాడు. నా దగ్గర సిద్ధంగా జవాబు లేకపోయింది. చివరకు, "నిజమే చెబుదాం నాయనా, రక్తం సంగతి నేను చూస్తాను" అన్నాను. చూడగలనో లేదో తెలియకుండానే అన్నాను.

వైద్యురాలు విని, కాగితం మీద వాయిదా అని రాసింది. పూర్తిగా నయమైన తరువాత 3 నెలలు గడిస్తే గాని అతడు దానం చేయరాదు. వెనుక నిలబడిన బావకు కోపం వచ్చింది. "రక్తాన్ని మీరు ఎలాగూ పరీక్ష చేస్తారు కదా, అందులో పురుగుంటే పారేయండి, లేకపోతే వాడుకోండి" అన్నాడు. ఆ మాటలో తర్కం ఉన్నది. దానికి వైద్యురాలు చెప్పిన సమాధానం ఒక్క వాక్యం: "పరీక్షకు దొరకనిదే మా భయం." ఆ వాక్యం వెంట నేను కొన్ని రోజులు తిరిగాను.

దోమ లేకుండా వచ్చే మలేరియా

మలేరియా అనగానే మనకు దోమ గుర్తుకు వస్తుంది. తెలుగువారికి ఆ విషయంలో ఒక ప్రత్యేక సంబంధం కూడా ఉన్నది. 1897 ఆగస్టు 20వ తేదీన రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని గుర్తించినది సికిందరాబాదులోనే. హుసేన్ ఖాన్ అనే రోగిని దోమల చేత కుట్టించుకుని, కుట్టిన దోమకు ఒక అణా చొప్పున ఆయన చెల్లించినట్లు చరిత్ర చెబుతున్నది. 1902లో రాస్‌కు నోబెల్ బహుమానం వచ్చింది.

అయితే దోమ పాత్ర తేలడానికి ముందే, రోగి రక్తాన్ని ఎక్కిస్తే ఆరోగ్యవంతునికి ఈ జ్వరం వస్తుందని 1884లో జర్మనీకి చెందిన గెర్హార్ట్ నిరూపించాడు. రక్తమార్పిడి వల్ల మలేరియా సోకిన ఉదంతం వైద్య పత్రికలకు ఎక్కినది 1911లో. ఇంకొక వింత కూడా ఉన్నది. 1917లో వియన్నా వైద్యుడు వాగ్నర్ యౌరెగ్ సిఫిలిస్ ముదిరి మతి చలించిన రోగులకు మలేరియా రోగి రక్తాన్ని కావాలనే ఎక్కించి, ఆ తీవ్ర జ్వరంతో వ్యాధిని అణచడానికి ప్రయత్నించాడు. అందుకు 1927లో ఆయనకు నోబెల్ బహుమానం ఇచ్చారు. నాడు ఒకదానికి మందుగా రెండవదాన్ని వాడారు. నేడు ఆ రెండు రోగాల కోసమూ ప్రతి రక్తపు సంచినీ పరీక్షిస్తున్నారు.

దోమకాటు వల్ల వచ్చే మలేరియాకూ, రక్తం సంచి వల్ల వచ్చే మలేరియాకూ భేదం ఉన్నది. దోమ వదిలిన క్రిమి ముందు కాలేయంలో చేరి, అక్కడ పెరిగి, ఆ తరువాత ఎర్ర కణాలలోకి వస్తుంది. సంచిలోని క్రిమికి ఆ మజిలీ లేదు. అది అప్పటికే ఎర్ర కణాలలో కాపురం ఉన్నది. తిన్నగా గ్రహీత రక్తంలోకి దిగి పని ప్రారంభిస్తుంది. కాలేయంలో దాగి నెలల తరువాత తిరగబెట్టే గుణం ఉన్న వైవాక్స్ జాతి సైతం ఈ దారిన వస్తే కాలేయంలో స్థావరం ఏర్పరచుకోలేదు. ఆ మేరకు గ్రహీతకు చికిత్స సులభమే. కాని చికిత్స చేయాలంటే ముందు అది మలేరియా అని ఎవరికైనా తట్టాలి.

కష్టమంతా అక్కడే ఉన్నది. రక్తం ఎక్కించుకునేవారు మామూలు మనుషులు కారు. శస్త్రచికిత్స అయినవారు, కాన్పులో రక్తం పోయినవారు, కాన్సరు రోగులు, నెలలు నిండని పసికందులు. ఆపరేషను జరిగిన కొన్ని రోజులకో, రెండు మూడు వారాలకో జ్వరం వస్తే, గాయం చీము పట్టిందేమోనని యాంటీబయాటిక్ మందులు మారుస్తూ పోతారు. రోగి దోమలు లేని పదవ అంతస్తులో ఉండవచ్చు. మలేరియా అనుమానం చివరన వస్తుంది. ఫాల్సిపారం జాతి అయితే అంతవరకు ఆగదు.

తలసీమియా పిల్లల సంగతి మరీ దయనీయం. వారికి రెండు నుంచి నాలుగు వారాలకు ఒకసారి రక్తం ఎక్కించాలి. అంటే ఏడాదికి 13 నుంచి 26 సార్లు. ప్రతిసారీ ముక్కూ మొగం తెలియని ఒకరి ఆరోగ్యాన్నీ, ఆ ఒకరి సత్యసంధతనూ నమ్మి చెయ్యి చాపాలి. కొందరికి ప్లీహం తీసివేసి ఉంటారు. ప్లీహం లేనివారిలో మలేరియా మరింత ఉగ్రరూపం దాల్చుతుంది.

రక్తనిధిలోని శీతల పేటిక కూడా మనలను కాపాడదు. 4 డిగ్రీల చలిలో మలేరియా క్రిమి ఒక వారానికి పైగా సజీవంగా ఉండగలదు. రోగికి తాజా రక్తం మంచిదన్న నమ్మకం మనలో ఉన్నది. మలేరియా విషయంలో తాజా సంచియే ఎక్కువ ప్రమాదం.

చట్టం చెబుతున్నదేమి?

మన దేశంలో రక్తం కూడా చట్టరీత్యా ఔషధమే. 1940 నాటి ఔషధ, సౌందర్య సాధనాల చట్టం, 1945 నాటి నియమావళి దానికి వర్తిస్తాయి. సేకరించిన ప్రతి సంచిని అయిదు రోగాల నిమిత్తం పరీక్షించాలి. ఎయిడ్స్‌కు కారణమైన హెచ్.ఐ.వి., హెపటైటిస్ బి, హెపటైటిస్ సి, సిఫిలిస్, మలేరియా. ప్రపంచ ఆరోగ్య సంస్థ మొదటి నాలుగింటిని అన్ని దేశాలకూ తప్పనిసరి చేసి, మలేరియాను ఆయా దేశాల పరిస్థితులకు విడిచిపెట్టింది. మనం అయిదవదాన్నీ తప్పనిసరి జాబితాలోనే ఉంచుకున్నాము. కాగితం మీద చూస్తే సంపన్న దేశాలకన్న మనం ఒక అడుగు ముందే ఉన్నాము.

ఈ కాగితం కూడా సులభంగా రాలేదు. రక్తం అమ్ముకుని బతికే రిక్షావాలాలు, బిచ్చగాళ్ళు, మత్తుమందుల బానిసలు ఒకనాడు రాజధాని వీధులలో కూడా ఉండేవారు. ఎచ్.డి. శౌరీ స్థాపించిన 'కామన్ కాజ్' సంస్థ ఈ వ్యాపారం మీద సుప్రీంకోర్టుకు వెళ్ళింది. 1996 జనవరి 4న ఇచ్చిన తీర్పు ఈ రంగానికి మలుపు. లైసెన్సు లేని రక్తనిధులు మూతపడాలన్నారు. జాతీయ, రాష్ట్ర రక్తమార్పిడి మండలులు ఏర్పడాలన్నారు. రెండేళ్ళలో రక్త విక్రేతల పద్ధతి అంతం కావాలన్నారు. ఆ మేరకు 1998 జనవరి 1 నుంచి రక్తం అమ్మకం నిషిద్ధమైంది. 2002లో జాతీయ రక్త విధానం వచ్చింది. బంధువుల నుంచి బదులు రక్తం రాబట్టే పద్ధతిని క్రమంగా తొలగించి, పూర్తిగా స్వచ్ఛంద దానానికి మారాలని అందులో సంకల్పం చెప్పుకున్నారు.

సంకల్పం చెప్పి రెండు దశాబ్దాలు దాటింది. కిటికీ ముందు వరుస ఇంకా ఉన్నది.

సూక్ష్మదర్శిని కంటికి అందనిది

పరీక్ష తప్పనిసరి అయినప్పుడు భయమెందుకు అన్న బావగారి ప్రశ్నకు తిరిగి వద్దాము. ఆచరణలో రెండు పద్ధతులు వాడుకలో ఉన్నాయి. మొదటిది గాజుపలక మీద రక్తం పూసి, రంగు వేసి సూక్ష్మదర్శినిలో చూడడం. శతాబ్దం దాటిన పద్ధతి. నిపుణుడు ఓపికగా నూరు క్షేత్రాలైనా చూడనిదే క్రిమి లేదని చెప్పరాదు. రోజుకు పదుల కొలది సంచులు వచ్చే చోట, ఒక్కరో ఇద్దరో సాంకేతిక సిబ్బంది అన్ని పరీక్షలూ చేయవలసిన చోట, ఆ ఓపిక ఎంతసేపు నిలుస్తుందో పాఠకులే ఊహించవచ్చు.

రెండవది సత్వర పరీక్ష. చిన్న పట్టీ మీద రక్తపు చుక్క వేస్తే పావుగంటలో గీత పడుతుంది. ఇది క్రిమిని చూడదు, క్రిమి విడిచిన మాంసకృత్తును పసికడుతుంది. ఫాల్సిపారం విషయంలో వాడే హెచ్.ఆర్.పి.-2 అనే మాంసకృత్తు, రోగం నయమైన తరువాత కూడా కొన్ని వారాలు రక్తంలో ఉంటుంది. కనుక మంచి రక్తాన్ని పారవేయడమూ జరుగుతుంది. మరొకవైపు, ఆ మాంసకృత్తును తయారుచేసే జన్యువునే పోగొట్టుకున్న క్రిములు కొన్నిచోట్ల కనిపిస్తున్నాయి. వాటికి గీత పడదు.

ఇక లెక్క చూడండి. ఒక సంచిలో 350 మిల్లీలీటర్ల రక్తం ఉంటుంది. మిల్లీలీటరులో వెయ్యవ వంతు మైక్రోలీటరు. సాధారణ పరిస్థితులలో గాజుపలక పరీక్షకైనా, పట్టీ పరీక్షకైనా మైక్రోలీటరుకు 50, 100 క్రిములకు తగ్గితే దొరకడం కష్టం. మైక్రోలీటరుకు ఒక్కటే ఒక్క క్రిమి ఉన్నదనుకుందాము. అది రెండు పరీక్షలనూ దాటిపోతుంది. కాని అటువంటి సంచి మొత్తం మీద 3,50,000 క్రిములు ఉంటాయి. పది క్రిములు చేరినా రోగం రావచ్చునని శాస్త్రజ్ఞుల అంచనా. "పరీక్షకు దొరకనిదే మా భయం" అన్న మాటకు అర్థం ఇది.

ఎవరి రక్తంలో ఇంత తక్కువ క్రిములు ఉంటాయి? జ్వరంతో మూలుగుతున్నవాడు దానానికి రాడు. చిన్నతనం నుంచి మలేరియా ప్రాంతంలో పెరిగినవారికి కొంత నిరోధక శక్తి వస్తుంది. వారి రక్తంలో క్రిమి ఉన్నా జ్వరం రాదు, నీరసం కూడా ఉండకపోవచ్చు. మలేరియే జాతి క్రిమి అయితే దశాబ్దాల పాటు సద్దు చేయకుండా ఉండగలదు. వైవాక్స్ అయితే కాలేయంలో నిద్రపోయి లేస్తుంది. దానిని నిర్మూలించడానికే ఆ 14 రోజుల మాత్రలు. ఆ యువకుడు మధ్యలో మానివేసినవి అవే. కనుక వైద్యురాలు పెట్టిన వాయిదా గుడ్డి నిబంధన కాదు. ఏ యంత్రమూ చెప్పలేని విషయాన్ని అతని జ్ఞాపకం చెప్పింది.

పరదేశాల అనుభవం

అమెరికాలో ఏడాదికి రమారమి 2,000 మలేరియా కేసులు నమోదవుతాయి. దాదాపు అన్నీ బయటి దేశాలలో అంటించుకుని వచ్చినవే. దశాబ్దాల పాటు అక్కడ దానం చేసిన రక్తానికి మలేరియా పరీక్షే లేదు. మలేరియా దేశాలకు వెళ్ళివచ్చినవారిని అడిగి తెలుసుకుని కొంతకాలం వాయిదా వేయడమే పద్ధతి. 2023లో ఫ్లోరిడా, టెక్సాసులలో స్థానికంగా కొద్దిమందికి మలేరియా సోకడంతో కలవరం పుట్టింది. 2024 మార్చిలో అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ, క్రిమి జన్యు పదార్థాన్ని పసికట్టే ఒక పరీక్షను రక్తదాతల నిమిత్తం మొదటిసారిగా ఆమోదించింది. బ్రిటన్ వంటి దేశాలలో దాతలలో మలేరియా ప్రతిరక్షకాలను వెదకుతారు. అవి ఉంటే ఆ రక్తం తీసుకోరు.

ఆ ప్రతిరక్షకాల పద్ధతి మనకు పనికిరాదు. మన మన్యంలో, బస్తరులో, కోరాపుటులో, ఈశాన్య కొండలలో ఎప్పుడో ఒకప్పుడు మలేరియా రానివారెవరు? ఆ లెక్కన తిరగగొడితే అక్కడ రక్తదాతలే మిగలరు. అదే ఇబ్బంది ఆఫ్రికాలోనూ ఉన్నది. ఘానాలోని కుమాసీలో ఒక ప్రయోగం జరిగింది. విటమిన్ బి-2 కలిపి అతినీలలోహిత కిరణాలతో రక్తాన్ని శుద్ధి చేశారు. క్రిములున్న రక్తం ఎక్కినవారిలో, శుద్ధి చేయనప్పుడు 37 మందిలో 8 మందికి మలేరియా సోకగా, శుద్ధి చేసినప్పుడు 28 మందిలో ఒక్కరికే సోకింది. 2016లో లాన్సెట్ పత్రిక దీనిని ప్రచురించింది. ఆశాజనకమైన దారే. కాని జిల్లా ఆసుపత్రికి అది చేరే రోజు దగ్గరలో ఉన్నట్లు తోచదు.

తగ్గుముఖంలోనే జాగ్రత్త

ఇంత ఆందోళన అవసరమా, మలేరియా తగ్గిపోతున్నది కదా అని నాతో ఒక ఉన్నతోద్యోగి అన్నారు. తగ్గుతున్న మాట నిజం. ప్రభుత్వ లెక్కల ప్రకారం 2015లో 11,69,261 కేసులు ఉండగా 2023 నాటికి 2,27,564కు దిగాయి. మరణాలు 384 నుంచి 83కు తగ్గాయి. మలేరియా భారం అధికంగా ఉన్న దేశాల ప్రత్యేక జాబితా నుంచి 2024లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మన పేరు తీసివేసింది. 2030 నాటికి నిర్మూలన అన్నది లక్ష్యం. ఇందుకు కారకులైన వేలాది ఆరోగ్య కార్యకర్తలకు, ముఖ్యంగా గిరిజన గ్రామాలలో ఇల్లిల్లూ తిరిగే ఆశా కార్యకర్తలకు దేశం రుణపడి ఉన్నది.

అయితే మనకు ఒక పాత గాయం ఉన్నది. స్వాతంత్ర్యం నాటికి ఏటా ఏడున్నర కోట్ల మందికి మలేరియా వచ్చేదని అంచనా. 1953లో నియంత్రణ పథకం, 1958లో నిర్మూలన పథకం వచ్చాయి. 1960వ దశకం నాటికి కేసులు లక్ష ప్రాంతానికి దిగాయి. జయభేరి మోగించి నిఘా సడలించాము. 1976లో 64 లక్షలకు పైగా కేసులు వచ్చిపడ్డాయి. పొరుగున శ్రీలంకలో 1963లో 17 కేసులే మిగిలాయి. దశాబ్దం ముగియకముందే అవి లక్షలకు పెరిగాయి. ఆ దేశం తిరిగి లేచి నిలబడి 2016లో మలేరియా రహిత దేశంగా గుర్తింపు పొందడానికి అర్ధ శతాబ్దం పట్టింది. చివరి మెట్టు మీద ఏమరుపాటుకు ఎంత మూల్యమో దక్షిణాసియాకు బాగా తెలిసి ఉండాలి.

మలేరియా తగ్గినప్పుడు రక్తపు సంచి ప్రమాదం స్వరూపం మారుతుంది. రోగం అరుదైనకొద్దీ వైద్యునికి అనుమానం రావడమూ అరుదవుతుంది. గాజుపలకలో క్రిమిని చూసిన కళ్ళు తగ్గిపోతాయి. వేల సంచులలో ఒక్కటి కూడా దొరకకపోతే, పరీక్ష ఒక తంతుగా మారుతుంది. అందువల్ల అన్ని సంచులకూ ఈ పరీక్ష వృథా ఖర్చు, అనుమానం ఉన్న దాతలకే చేయాలని కొందరు నిపుణుల వాదన. కాదు, ఉన్న పరీక్షకు బదులు జన్యు పరీక్ష పెట్టాలని మరికొందరు. పూర్తి ఉత్తరం ఏ పక్షం దగ్గరా లేదు. కూలి కోసం బస్తరు నుంచి, మన్యం నుంచి, త్రిపుర నుంచి మహానగరాలకు వలస వచ్చే లక్షల మందిలో ఎవరు అనుమానితులో తేల్చేది ఎట్లా? అడిగి తెలుసుకోవాలి. అంటే మళ్ళీ ఆ ప్రశ్నావళి దగ్గరకే వచ్చాము.

చేయదగినవి

నాలుగు పనులు మన చేతిలో ఉన్నవని నా అభిప్రాయం. మొదటిది, దాతను అతని భాషలో అడగడం. రైల్వే టిక్కెట్టు అమ్మడానికి, ఓటు అడగడానికి ఎన్నో భాషలు వాడే దేశంలో ఒక ప్రశ్నావళిని అచ్చువేయడం ఎంత పని? నేను ఆనాడు అక్కడ లేకపోతే, ఆ యువకుని చేత ఎవరో వేలిముద్ర వేయించి, అన్ని ప్రశ్నలకూ లేదు అని వారే గీసి ఉండేవారని నా భయం.

రెండవది, నిజం చెప్పినవానికి శిక్ష పడని ఏర్పాటు. రక్తం తెస్తేనే ఆపరేషను అన్న చోట ప్రతి ప్రశ్నా ప్రలోభమే. డబ్బుకు అమ్మేవాడు ఆకలి వల్ల దాచాడు. బదులు రక్తం ఇచ్చేవాడు ప్రేమ వల్ల దాస్తాడు. గ్రహీత దృష్టిలో రెండింటికీ భేదం లేదు. 1998లో మొదటి దారిని మూశాము. రెండవది మూస్తామన్న 2002 నాటి మాటను ప్రభుత్వాలు నిలబెట్టుకోవాలి. ఏ ఒత్తిడీ లేక వచ్చే స్వచ్ఛంద దాతకు అబద్ధం చెప్పవలసిన పని లేదు.

మూడవది, పరీక్షను బలపరచడం. జన్యు పరీక్ష ప్రతి ఊరి రక్తనిధికీ సాధ్యం కాకపోవచ్చు. కాని పలువురి నమూనాలను కలిపి ఒక ప్రాంతీయ కేంద్రంలో పరీక్షించే పద్ధతి కొత్తది కాదు. హెచ్.ఐ.వి., హెపటైటిస్‌ల విషయంలో మన నగరాలలో కొన్ని రక్తనిధులు జన్యు పరీక్షలు చేస్తూనే ఉన్నాయి. కనీసం తలసీమియా పిల్లలకు, గర్భిణులకు, ప్లీహం లేనివారికి కేటాయించే రక్తంతో ప్రారంభించవచ్చు. మలేరియా పరిశోధనకు ద్వారకలో జాతీయ సంస్థను పెట్టుకున్న రాజధాని దీనికి దారి చూపాలి.

నాలుగవది, ఎక్కించిన తరువాత ఏమైందో తెలుసుకోవడం. 2012 డిసెంబరు 10న నోయిడాలోని జాతీయ జీవౌషధ సంస్థ ఆధ్వర్యాన రక్తమార్పిడి దుష్ఫలితాల నమోదు పథకం ప్రారంభమైంది. రక్తం ఎక్కిన నెల రోజులలో వచ్చిన ప్రతి జ్వరానికీ మలేరియా పరీక్ష చేసి, దొరికితే ఆ పథకానికి తెలియజేసి, దాతను వెదకి అతనికీ చికిత్స చేయాలి. సంచిని పారవేసినంత మాత్రాన దాత ఒంట్లోని క్రిమి పోదు. అతడు తిరిగి తన గుడిసెకు, అక్కడి దోమల మధ్యకు వెళ్ళుతాడు.

ఈ నాలుగింటిలో మొదటి రెంటికి యంత్రాలు అక్కరలేదు. బహుశా అందుకే ఎవరి కంటికీ ఆనడం లేదు.

ఆనాటి సంగతి ముగించాలి. నేను చేసిన వాగ్దానం నా మెడకు చుట్టుకుంది. నాకు దానం చేసే వయస్సు దాటింది. నలుగురికి ఫోను చేశాను. ఇద్దరు కుదరదన్నారు. మధ్యాహ్నానికి, ఇక్కడి విశ్వవిద్యాలయంలో చదువుతున్న ఇద్దరు తెలుగు విద్యార్థులు తరగతులు మాని వచ్చి రక్తం ఇచ్చి, టీ తాగి వెళ్ళిపోయారు. ఆపరేషను జరిగింది. ఆమె కోలుకుంటున్నది. అదృష్టం మీద నడిచిన వ్యవహారమే ఇది, వ్యవస్థ మీద కాదు. తెలిసినవాడు ఒక్కడూ లేని కూలివాని సంగతి ఏమిటని ఆనాటి నుంచి నన్ను నేను అడుగుకుంటున్నాను.

ఊరికి బయలుదేరేముందు ఆ యువకుడు నాతో మాట్లాడాడు. మధ్యలో మానిన మందుల సంగతి ఆరోగ్య కేంద్రంలో చెప్పి మళ్ళీ వాడమన్నాను. సరేనన్నాడు. "బాబూ, నా రగతం తీసుకునుంటే అది మా అప్పకే ఎక్కునా?" అని అడిగాడు. కాదని చెప్పాను. ఇచ్చిన రక్తం నిధిలో చేరుతుంది, సరిపడిన వేరే సంచి ఆమెకు ఇస్తారు, నీది ముక్కూ మొగం తెలియని వేరొకరికి పోతుంది అన్నాను. అతడు కాసేపు ఆలోచించి, "అయితే అది ఎవులి అప్పకో ఎక్కునన్నమాట" అన్నాడు.

ఢిల్లీలో విధానాలు రాసేవారికి ఆ ఒక్క మాట చాలు. రక్తనిధి కిటికీ ముందు నిలబడిన మనిషి నిర్భయంగా నిజం చెప్పగలగాలి. ఆ ఏర్పాటు లేనంత వరకు, ఎంత గొప్ప పరీక్ష వచ్చినా సంచి మీద అంటించిన "పరీక్షించబడినది" అన్న చీటీని మనం పూర్తిగా నమ్మలేము.